చివరిసారి ఎప్పుడు తాగారు?

సంపాదకులకు,

మద్యం ఆగిపోయిన రోగి వార్డులో కేకలు వేస్తే 'తాగుబోతు వేషాలు' అని తీసిపారేయడం ఇంకా వింటూనే ఉన్నాం. నర్సుగా నాకు ఆ మాట వింటే ఒళ్లు మండుతుంది. రోజూ బాగా తాగే మనిషికి మద్యం ఆగిన 6 నుంచి 24 గంటల్లో వణుకు, చెమటలు మొదలవుతాయి. మొదటి 48 గంటల్లో ఫిట్స్ రావచ్చు. ఆ తర్వాత రెండు రోజుల్లో కొందరికి మతి తప్పుతుంది, లేనివి కనిపిస్తాయి. వైద్యం అందకపోతే ప్రాణమే పోవచ్చు.

కాలు విరిగి చేరిన మనిషి మూడో రాత్రి మంచం దిగి పరుగెత్తాడంటే, చాలాసార్లు చేర్చుకున్నప్పుడు 'చివరిసారి ఎప్పుడు తాగారు?' అన్న ఆ ఒక్క ప్రశ్న ఎవరూ అడగలేదనే అర్థం. అడగాల్సింది నర్సే. అదీ బంధువుల ముందు కాదు, గొంతు తగ్గించి, తప్పుపట్టినట్టు కాకుండా. లేకపోతే అబద్ధమే చెబుతారు, ఎవరైనా అంతే.

లక్షణాల తీవ్రత కొలవడానికి 10 అంశాల 'సీవా' స్కోరు ఉంది. ఈ రోగులకు గ్లూకోజు ఎక్కించేటప్పుడు థయమిన్, అంటే బి1 విటమిన్, మరిచిపోతే మెదడుకే ముప్పు. ఇవి మానసిక వైద్య విభాగానికే పరిమితమైన చదువు కాదు. ఎముకల వార్డు, సర్జరీ వార్డు నర్సులకే ముందు అవసరం. నిజానికి అక్కడే ఈ రోగులు ఎక్కువగా మా చేతికి వస్తారు.

కానీ రాత్రి డ్యూటీలో వార్డంతటికీ ఒక్కరే ఉంటే గంటగంటకూ స్కోరు ఎవరు రాయాలి? రోగిని మంచానికి కట్టేయడం అక్కడే మొదలవుతోంది. ఆస్పత్రి యాజమాన్యాలు శిక్షణతో పాటు మనుషులనూ ఇవ్వాలి.

– ఒక స్టాఫ్ నర్సు