చలికాలం వైట్ బాస్ వేటకు లైఫ్ జాకెట్ తప్పనిసరి చేయండి

టెక్సాస్ పార్క్స్ అండ్ వైల్డ్‌లైఫ్ కమిషన్ చైర్మన్ గారికి,

నమస్కారం. ఈ ఉత్తరం కావాలనే తెలుగులో రాస్తున్నాను. డల్లాస్ చుట్టుపక్కల ఫ్రిస్కో, ఇర్వింగ్, లూయిస్‌విల్‌లలో ఉండే మావాళ్లలో వీకెండ్ వస్తే గాలం పట్టుకుని లేక్‌కు పోయేవాళ్లు ఉన్నారు. మీకు చెప్పే మాట వాళ్ల చెవినా పడాలి.

జనవరిలో ఇక్కడ సందడంతా వైట్ బాస్ అనే చేపదే. స్థానికులు శాండ్ బాస్ అంటారు. నీళ్లు చల్లబడేకొద్దీ షాడ్ అనే చిన్న చేపలు లోతుకు దిగుతాయి. వాటి వెనకే ఇవీ దిగి, ముప్పై అడుగుల లోతున దిబ్బల పక్కన గుంపుగా తిష్ట వేస్తాయి. ఒడ్డు మీంచి అందవు కాబట్టి పడవో కయాకో (తెడ్డుతో నడిపే సన్నటి చిన్న పడవ) ఉండాలి. సీగల్ పక్షులు ఒకేచోట నీళ్లలోకి దూకుతుంటే కింద చేప ఉన్నట్టే. బరువైన సీసపు ఎరను అడుగు తగిలేదాకా వదిలి, మూరెడు లేపి, మళ్లీ జారనివ్వాలి. చలికి చేప మందకొడిగా ఉంటుంది, గట్టిగా లాగదు. ఎర దిగుతుండగా లైన్ కాస్త వదులైందంటే అందుకున్నట్టే. 10 అంగుళాలకు తగ్గనివి రోజుకు మనిషికి 25 దాకా తెచ్చుకోవచ్చు. ఎర్ర కండ కోసి తీసేసి, ఉప్పూకారం పట్టించి వేయిస్తే ఎంత బాగుంటాయో!

చిక్కు ఎక్కడంటే, ఈ చేప జోరుగా పడేది ఉత్తర గాలి దిగబోయే ముందే. పొద్దున టీషర్ట్ మీద తిరిగేంత వెచ్చగా ఉంటుంది. మధ్యాహ్నానికి గాలి తిరిగి, రే హబ్బర్డ్ లాంటి వెడల్పాటి లేక్‌లో అలలు లేస్తాయి. నీళ్లేమో 50 డిగ్రీల ఫారెన్‌హీట్‌కు అటూ ఇటూ, అంటే ఇండియా లెక్కలో 10. అందులో పడితే మొదటి నిమిషం ఊపిరి మన అదుపులో ఉండదు. ఆ ఎగశ్వాసలో తల మునిగితే నీళ్లు లోపలికి పోతాయి. పది నిమిషాలు తిరిగేసరికి వేళ్లు కొంకర్లు పోతాయి. ఈత బాగా వచ్చినవాళ్లకైనా అంతే. సీటు కింద పెట్టిన లైఫ్ జాకెట్‌ను అప్పుడు తీసి తొడుక్కోవడం అయ్యే పని కాదు.

ఇప్పటి టెక్సాస్ చట్టం ప్రకారం 26 అడుగుల లోపు పడవ కదులుతున్నప్పుడు 13 ఏళ్లలోపు పిల్లలే జాకెట్ వేసుకుని తీరాలి. పెద్దవాళ్లకు జాకెట్ పడవలో ఉంటే చాలు. న్యూయార్క్‌లో 21 అడుగుల లోపు పడవల్లో నవంబరు 1 నుంచి మే 1 దాకా అందరూ వేసుకోవాల్సిందే. పెన్సిల్వేనియాలోనూ చిన్న పడవలకు, కయాక్‌లకు నవంబరు నుంచి ఏప్రిల్ ఆఖరుదాకా ఇలాంటి నియమమే ఉంది. మన దగ్గర అంత చలెక్కడిది అంటారేమో. అక్కడ చలికి భయపడి మనిషి ఇంట్లో ఉంటాడు. ఇక్కడ ఎండ చూసి బయల్దేరతాం. అందుకే మాకే ఈ రూలు ఎక్కువ అవసరం.

డిసెంబరు నుంచి మార్చి దాకా చిన్న పడవల్లో ఎంత వయసువాళ్లైనా జాకెట్ తొడుక్కునే ఉండాలని మీరు శాసనసభకు సిఫారసు చేయండి. సభ బేసి సంవత్సరాల్లో జనవరిలో మొదలవుతుంది, సరిగ్గా ఈ వేట ముమ్మరంగా సాగే రోజుల్లో. అది తేలేలోపు ప్రతి బోట్ ర్యాంప్ దగ్గరా ఆ పూట నీళ్లు ఎంత చల్లగా ఉన్నాయో పెద్ద అక్షరాలతో రాసి పెట్టించండి.

భవదీయుడు,
ఫ్రిస్కో నుంచి ఒక గాలం మనిషి