కటీ సార్క్ మోడల్: నీళ్లలో దించే ముందు
అందరికీ నమస్తే. 1869లో స్కాట్లాండ్‌లోని డంబార్టన్‌లో కట్టిన కటీ సార్క్ అనే తెరచాపల ఓడకి ఆర్‌సీ (రిమోట్‌తో నడిపే) మోడల్ మొదలుపెట్టినవాళ్లు ముందు బ్యాలస్ట్ (ఓడ ఒరిగిపోకుండా అడుగున పెట్టే బరువు) సంగతి తేల్చుకోండి. అన్ని కొలతలూ పదో వంతుకి తగ్గిస్తే తెరచాపల వైశాల్యం వందో వంతు అవుతుంది, బరువు మాత్రం వెయ్యో వంతుకి పడిపోతుంది. అందుకే అసలు ఓడ నిబ్బరంగా తట్టుకున్న గాలికి మోడల్ పక్కకి ఒరిగిపోతుంది. అడుగున విప్పదీయగలిగే అదనపు కీల్ (ఓడ అడుగు నుంచి నీళ్లలోకి దిగే పలక) బిగించి, దాని కొసన సీసం దిమ్మ పెట్టండి. షెల్ఫ్‌లో ఉంచేటప్పుడు దాన్ని తీసేస్తే ఓడ రూపం చెడదు, ఇది నాకు చాలా ముఖ్యం!

తెరచాపల అడ్డకొయ్యలు తిప్పడానికి బలమైన సర్వో (రిమోట్ చెప్పినట్టు తిరిగే చిన్న మోటారు) కావాలి. ఓడ ముందువైపు తెరచాప స్తంభానికి విడిగా ఇంకొకటి ఉంటే ఓడను మలుపు తిప్పడం తేలిక. రిమోట్ సంకేతాలు అందుకునే రిసీవర్‌కి తడి తగలనివ్వకండి. మొదటిసారి మాత్రం పిల్లగాలి ఉన్నప్పుడే దించండి.