పంతొమ్మిదో ఎలక్ట్రాన్ ఎక్కడికి?

సంపాదకులకు,

19 ఎలక్ట్రాన్లున్న పొటాషియం విన్యాసం (కక్ష్యలవారీ అమరిక) 2, 8, 9 అని రాసే పిల్లలు ఏటా కనబడుతూనే ఉన్నారు. మూడో కక్ష్యలో 18 పడతాయన్నది గరిష్ఠ పరిమితి, నింపే వరుస కాదు. మూడో కక్ష్యలోని 3డి అనే ఉపకక్ష్య కంటే నాలుగో కక్ష్యలోని 4ఎస్‌కు శక్తి తక్కువ కనుక 19వది అక్కడికే పోతుంది: 2, 8, 8, 1. స్కాండియం (పరమాణు సంఖ్య 21) దగ్గర గానీ 3డి మొదలవదు.

ఆవర్తన పట్టిక బట్టీ పెట్టించే బదులు బల్ల మీద కడప బండ (సున్నపురాయి) ముక్క, మంగంపేట ముగ్గురాయి (బెరైటీస్) పెట్టండి. అందులో కాల్షియం (20), ఇందులో బేరియం (56). రెండింటికీ చివరి కక్ష్యలో రెండే ఎలక్ట్రాన్లు, అందుకే పట్టికలో ఒకే గ్రూపు (నిలువు వరుస). సజల హైడ్రోక్లోరిక్ ఆమ్లం రెండు చుక్కలు వేస్తే బండ బుసబుస పొంగుతుంది, ముగ్గురాయి ఉలకదు. ‘ఒకే గ్రూపు కదా సార్!’ అంటారు పిల్లలు. అనాలి కూడా. ఆ తేడా లోహాలది కాదు, వాటితో బండలో ఉన్న కార్బొనేట్, ముగ్గురాయిలో ఉన్న సల్ఫేట్‌లది.

— రసాయనశాస్త్ర ఉపాధ్యాయులు, కడప