దసరాకు ఇస్తానన్న పిన్‌బాల్ యంత్రాల గురించి

మా వద్ద పిన్‌బాల్ యంత్రాలు (వాలు బల్ల మీద ఉక్కు బంతిని మీటలతో కొడుతూ పాయింట్లు సాధించే ఆట యంత్రాలు) బాగు చేయించుకుంటున్న వారందరికీ నమస్కారం. దసరాలోగా ఇంటికి చేరుస్తానని మాట ఇచ్చిన నాలుగు యంత్రాలలో మూడింటిని ఆ సమయానికి ఇవ్వలేకపోతున్నాను. పనిలో నేను చేసిన పొరపాటే ఇందుకు కారణం. ఆ పొరపాటు ఏమిటో, దాన్ని ఎలా సరిదిద్దుతున్నానో, మీ యంత్రం ఇప్పుడు ఏ స్థితిలో ఉందో, మీరు ఇచ్చిన డబ్బు సంగతి ఏమిటో దాచకుండా రాయడం నా బాధ్యత.

కొత్తగా నన్ను సంప్రదించిన వారి కోసం ముందుగా రెండు మాటలు. చికాగోకు పశ్చిమాన ఉన్న అరోరాలో, మా ఇంటి గరాజులోనే ఈ చిన్న వ్యాపారం నడుపుతున్నాను. గాట్‌లీబ్, బాలీ, విలియమ్స్ వంటి పెద్ద తయారీదారులందరూ చికాగో వారే కాబట్టి, ఈ చుట్టుపక్కల పాత ఇళ్ళ బేస్‌మెంట్లలో 1960ల, 70ల నాటి యంత్రాలు ఇప్పటికీ బయటపడుతుంటాయి. నా దగ్గరకు వచ్చే తెలుగు కుటుంబాలలో చాలామందిది ఒకటే కథ. ఇల్లు కొన్నప్పుడు, దాదాపు వంద కిలోల బరువున్న ఆ యంత్రాన్ని మెట్ల మీదుగా మోయించలేక పాత యజమాని బేస్‌మెంటులోనే వదిలి వెళ్ళి ఉంటారు. పారవేయడానికి మనసొప్పక, అది ఒక్కసారైనా పనిచేస్తుంటే చూడాలన్న కోరికతో వీరు నాకు ఫోన్ చేసి ఉంటారు.

ఇక పొరపాటు సంగతి. ఆలస్యమవుతున్న మూడూ గాట్‌లీబ్ యంత్రాలే: 1976 నాటి రాయల్ ఫ్లష్, 1977 నాటి జంగిల్ క్వీన్, అదే సంవత్సరపు జాక్స్ ఓపెన్. వీటిలో బంతి దొర్లే ప్లేఫీల్డు అనేది మేపుల్ పొర అతికించిన ప్లైవుడ్ పలక. దాని మీద ఒక్కొక్క రంగునూ స్క్రీన్ ప్రింటింగ్ పద్ధతిలో అచ్చువేసి, పైన లక్క పూత పూసేవారు. కింద ఉన్న బల్బు వెలిగినప్పుడు కాంతి పైకి కనిపించడానికి, ఆ పలకకు అక్కడక్కడ రంధ్రాలు చేసి, రంగు ప్లాస్టిక్ బిళ్ళలు అతికించేవారు. వీటినే మేము ఇన్సర్టులు అంటాము. సుమారు 80 గ్రాముల ఉక్కు బంతి ఏళ్ళ తరబడి దొర్లడం వల్ల లక్క అరిగిపోతుంది, పగుళ్ళలోకి మురికి దిగుతుంది, రంగు పోయి చెక్క బయటపడుతుంది. అందుకే పలకను శుభ్రం చేసి, పోయిన రంగులు దిద్ది, ఆ పైన కార్లకు వాడే రెండు భాగాల పాలీయురెథేన్ క్లియర్ కోటును (పారదర్శకమైన పూతను) కొట్టి, గట్టిపడనిచ్చి, నునుపు తీస్తాము. సరిగా చేస్తే ఆ పలక అద్దంలా ఉంటుంది, బొమ్మకు బంతి తగలదు.

సరిగా చేయడమంటే, క్లియర్ కోటు కొట్టక ముందే ప్రతి ఇన్సర్టునూ విడిగా పరీక్షించాలి. దాదాపు యాభై ఏళ్ళ కిందట పెట్టిన జిగురు ఎండి పెళుసుబారి ఉంటుంది; బిళ్ళ స్థిరంగా ఉన్నట్టే కనిపించినా, లోపల పట్టు వదిలి ఉండవచ్చు. ఈ వసంతకాలంలో పలకలు మూడూ ఒకేసారి సిద్ధం చేస్తూ, పైకి కదలని ఇన్సర్టులను కదపనవసరం లేదని నేను నిర్ణయించాను. వదులుగా కనిపించిన ఏడెనిమిదింటికి మాత్రమే కొత్త జిగురు పెట్టి, మిగిలిన వాటి మీదుగా నేరుగా క్లియర్ కోటు కొట్టేశాను. అలా చేయడం వల్ల ఒక్కొక్క పలకకు రెండు రోజుల పని తగ్గింది. ఆ రెండు రోజుల కోసమే అలా చేశానని ఒప్పుకుంటున్నాను.

ఆగస్టులో రాయల్ ఫ్లష్‌ను బిగించి పరీక్షగా ఆడుతున్నప్పుడు, పలక మధ్యలో ఉన్న ఒక గుండ్రని ఇన్సర్టు అంచున గోరు ముక్కంత తెల్లని వంపు కనిపించింది. మొదట దుమ్మనుకుని గుడ్డతో తుడిచాను, పోలేదు. మర్నాటికి అది అర్ధచంద్రాకారంగా పెరిగింది. ప్లేఫీల్డును పైకెత్తి, బల్బు తీసి, కింది నుంచి బొటనవేలితో మెల్లగా నొక్కితే బిళ్ళ వెంట్రుకవాసి పైకి లేచి, వేలు తీయగానే తిరిగి కూర్చుంది. బంతి దెబ్బలకు లోపల పాత జిగురు పూర్తిగా వదిలి, బిళ్ళ కదిలినప్పుడల్లా పైనున్న క్లియర్ కోటు దాని అంచు నుంచి ఊడుతోంది. ఆ సందులో చేరిన గాలే మనకు తెల్లగా కనిపిస్తుంది. మిగిలిన రెండు పలకలనూ అదే రోజు బల్ల మీద పెట్టి, ఒక్కొక్క ఇన్సర్టునూ నొక్కి చూశాను. జంగిల్ క్వీన్‌లో ఆరు, జాక్స్ ఓపెన్‌లో నాలుగు కదిలాయి.

తెల్లబడిన అంచులోకి సన్నని జిగురు ఎక్కించి మరక కనబడకుండా చేసే ఉపాయాలు ఉన్నాయి, కానీ అవి కొద్ది నెలలే నిలుస్తాయి; మీ ఇంటికి వచ్చాక మళ్ళీ తెల్లబడుతుంది. కాబట్టి మూడు పలకలనూ మొదటి నుంచి చేస్తున్నాను. క్లియర్ కోటును శాండ్‌పేపరుతో తీసివేసి, వేడిగాలి యంత్రంతో ప్రతి ఇన్సర్టు చుట్టూ జాగ్రత్తగా వేడిచేసి (ఎక్కువైతే ప్లాస్టిక్ కరుగుతుంది), కింది నుంచి తోసి బయటికి తీస్తున్నాను. రంధ్రం అంచున మిగిలిన పాత జిగురును గోకి, ఎపాక్సీతో తిరిగి అతికించి, పలక ఉపరితలానికి సరిసమానంగా ఉండేలా చదునైన దిమ్మను పైన పెట్టి క్లాంపులతో బిగించి, రాత్రంతా అలాగే వదిలేస్తున్నాను. రాయల్ ఫ్లష్ పలకలో ఈ పని పూర్తయింది. ఆ తరువాత రంగులు దిద్ది, మళ్ళీ క్లియర్ కోటు కొట్టి, నాలుగు వారాలు ఆరనిచ్చాకే బిగిస్తాను.

ఈ మరమ్మతులో ఒక నష్టం ఉంది, అది మీకు తెలియాలి. ఇన్సర్టు మీద అచ్చువేసిన అక్షరాలు, దాని చుట్టూ ఉన్న సన్నని నల్ల గీత క్లియర్ కోటుతో పాటు కొంత లేచిపోతున్నాయి. వాటిని నేను చేత్తో దిద్దుతాను, దూరం నుంచి తేడా తెలియదు. దగ్గరగా చూసేవారికి మాత్రం అది కార్ఖానా ముద్ర కాదని తెలుస్తుంది. మొదటే జిగురు పెట్టి ఉంటే ఆ అసలు అచ్చులో చాలా భాగం మిగిలేది. ఈ విషయంలో ఆ ముగ్గురికీ నా క్షమాపణలు.

ఇదే పద్ధతిలో చేసిన మరో పలక, కిందటి ఫిబ్రవరిలో అందజేసిన యంత్రంలో ఉంది. ఆ కుటుంబానికి ఇప్పటికే ఫోన్ చేసి చెప్పాను. ఇంతవరకు వారి యంత్రంలో తెల్లని అంచులేవీ కనిపించలేదట. కనిపించిన రోజున, అది ఎన్నేళ్ళ తరువాత అయినా, పైసా తీసుకోకుండా తిరిగి చేసిస్తాను.

విద్యుత్తు పని విషయంలో మూడు యంత్రాలూ పూర్తిగా సిద్ధంగా ఉన్నాయి. ఇవి ఎలక్ట్రోమెకానికల్ యంత్రాలు; వీటిలో చిప్పులు లేవు, రిలేలు (కరెంటుతో పనిచేసే స్విచ్చులు), కాయిళ్ళు (కరెంటు పారితే లాగే తీగ చుట్టలు), తిరిగే స్కోర్ రీళ్ళు మాత్రమే ఉంటాయి. మీకు 500 పాయింట్లు వచ్చినప్పుడు, స్కోర్ మోటారు తిరుగుతూ 100 పాయింట్ల రిలేను ఐదుసార్లు లాగుతుంది, రీలు ఐదు అంకెలు ముందుకు జరుగుతుంది, దానితో పాటు గంట ఐదుసార్లు మోగుతుంది. ఈ వరుసలో ఎక్కడ ఒక్క కాంటాక్టుకు మకిలి పట్టినా ఐదుకు బదులు మూడో నాలుగో పడతాయి. రాయల్ ఫ్లష్‌లో ఆ లోపం దొరకడానికి నాకు ఒక సాయంత్రమంతా పట్టింది. చివరికి చూస్తే, పాతకాలపు గ్రీజు బంకగా మారి రీలు పంటిపట్టీని వెనక్కి రానివ్వడం లేదు. ఇటువంటి చోట నూనె స్ప్రేలు కొట్టవద్దని మీ అందరినీ కోరుతున్నాను. అవి దుమ్మును పట్టి మళ్ళీ బంక కడతాయి, కాంటాక్టుల మీద పడితే నిప్పురవ్వలకు అంటుకునే ప్రమాదం కూడా ఉంది.

జాక్స్ ఓపెన్‌లో ఎడమ ఫ్లిప్పరు (బటను నొక్కితే లేచి బంతిని కొట్టే మీట) కాయిలు కాలిపోయి వచ్చింది. మా నాన్నగారు గుంటూరు జిల్లాలో వ్యవసాయ మోటార్లకు వైండింగు చేసేవారు. కాలిన రాగి తీగ వాసన చిన్నప్పటి నుంచి తెలిసినదే కావడంతో, క్యాబినెట్టు తెరవగానే మీటరు పెట్టకముందే విషయం అర్థమైంది. ఫ్లిప్పరు కాయిలులో లావు తీగ చుట్టు ఒకటి, సన్న తీగ చుట్టు ఒకటి ఉంటాయి. బటను నొక్కగానే లావు తీగ బలంగా లాగుతుంది. ఫ్లిప్పరు పూర్తిగా పైకి లేవగానే అక్కడి చిన్న స్విచ్చు తెరుచుకుని, కరెంటు సన్న తీగ గుండా కూడా పోవలసి వచ్చి బాగా తగ్గుతుంది. ఆ స్విచ్చు తెరుచుకోకపోతే, మీరు బటను పట్టుకుని ఉన్నంతసేపూ లావు తీగ వేడెక్కుతూనే ఉంటుంది. అటువంటప్పుడు ఫ్యూజు పోయి మిగిలినదాన్ని కాపాడాలి. ఈ యంత్రంలో గతంలో ఎవరో ఫ్యూజుకు అల్యూమినియం రేకు చుట్టి పెట్టారు. దయచేసి మీ ఇంట్లో ఎవరూ అలా చేయకండి. ఫ్యూజు పదే పదే పోతుంటే నాకు ఫోన్ చేయండి, ఎక్కువ ఆంపియర్ల ఫ్యూజు వేయకండి.

నాలుగవ యంత్రం, 1977 నాటి బాలీ ఎయిట్ బాల్, దసరాకు తప్పక వస్తుంది. ఇది 20,000కు పైగా తయారైన ప్రసిద్ధ యంత్రం. 1992లో ఆడమ్స్ ఫ్యామిలీ వచ్చేవరకు అమ్మకాలలో దీన్ని మించినది లేదు. ఇందులో మోటొరోలా 6800 ప్రాసెసరు ఉన్న బోర్డు మీద నికెల్-కాడ్మియం బ్యాటరీ ఒకటి ఉంటుంది. అది కారి, రాగి గీతలకు పచ్చని చిలుము పట్టి, కొన్ని చోట్ల గీతలే తెగిపోయాయి. బ్యాటరీని కత్తిరించి తీసి, ఆ క్షారాన్ని వెనిగరు కలిపిన నీటితో విరిచి, కడిగి ఆరబెట్టి, తెగిన చోట్ల సన్న తీగతో టంకం వేశాను. ఈ బోర్డు మీది చిన్న ఎర్ర దీపం, అన్నీ సవ్యంగా ఉంటే, మొదట ఒక్క మినుకు మని తరువాత ఏడుసార్లు వెలుగుతుంది. మూడు వారాల పాటు అది నాలుగు దగ్గరే ఆగిపోయింది. కిందటి మంగళవారం రాత్రి ఏడవసారి వెలిగింది. కొత్తగా అమర్చిన మెమొరీకి బ్యాటరీ అవసరం లేదు కాబట్టి, ఈ బాధ ఆ యంత్రానికి మళ్ళీ రాదు.

బ్యాక్‌గ్లాసుల గురించి కూడా నా పద్ధతి మారుస్తున్నాను. ఇవి యంత్రం వెనక నిలువుగా ఉండే పెట్టెకు ముందు బిగించే బొమ్మల గాజులు. గాజుకు వెనకవైపు అచ్చువేసిన రంగు పెచ్చులుగా ఊడుతుంటే, పారదర్శకమైన పూతతో ఉన్నది ఉన్నట్టు నిలబెడతాను, వెనక 44 నంబరు బల్బులకు బదులు తక్కువ కరెంటు తీసుకునే 47 నంబరు బల్బులు పెట్టి వేడి తగ్గిస్తాను. పోయిన బొమ్మను తిరిగి గీయడం ఇకపై ఒప్పుకోను. రెండుసార్లు ప్రయత్నించాను, వెనక నుంచి దీపం వెలిగినప్పుడు నేను వేసిన రంగు మాసికలా కనిపించింది.

డబ్బు విషయం. ఆలస్యమైన మూడు యంత్రాలకు ముందుగా చెప్పిన మొత్తం కంటే ఒక్క డాలరు కూడా ఎక్కువ తీసుకోను. రెండవసారి పనికి అయ్యే సామాను ఖర్చు, శ్రమ నావే. ఆగడం కుదరని వారు చెబితే, అడ్వాన్సు పూర్తిగా తిరిగి ఇచ్చి, అప్పటివరకు చేసిన విద్యుత్తు పనికి ఏమీ అడగకుండా యంత్రాన్ని మీ ఇంటికి చేరుస్తాను. కొత్తగా వచ్చే వారికి ఫొటోలు చూసి మొత్తం ధర, తేదీ చెప్పే అలవాటు మానేస్తున్నాను. ముందు యంత్రాన్ని తెరిచి, పలకను రెండు వైపులా చూసి, ప్రతి ఇన్సర్టునూ నొక్కి పరీక్షించిన తరువాతే అంచనా రాసిస్తాను. ఆ పరీక్షకు 150 డాలర్లు, పని నాకే ఇస్తే అది మొత్తంలో కలుస్తుంది. ఇప్పుడున్న నాలుగూ వెళ్ళేవరకు కొత్త యంత్రాలు తీసుకోను.

తేదీల సంగతి చూస్తే, క్లియర్ కోటు ఆరడానికి గరాజులో వెచ్చదనం ఉండాలి. ఇక్కడ నవంబరు వస్తే రాత్రిళ్ళు చలి పెరుగుతుంది కాబట్టి, మూడు పలకలకూ అక్టోబరులోనే పూత ముగించి, ఆరబెట్టడానికి ఇంటిలోపలికి మార్చే ఏర్పాటు చేశాను. రాయల్ ఫ్లష్ నవంబరు చివరి వారంలో, మిగిలిన రెండూ డిసెంబరు మధ్యలో సిద్ధమవుతాయని అనుకుంటున్నాను. పూత కొట్టక ముందు మీ పలకను మీరే చూడాలనుకుంటే, వచ్చే రెండు శనివారాలలో మధ్యాహ్నం మూడు గంటల తరువాత గరాజుకు రండి. ఇన్సర్టులన్నీ మీ చేత్తోనే నొక్కి చూసుకోవచ్చు.