జనతా వాచీని నిలబెట్టిన పెద్దాయనకు కృతజ్ఞతలు

పేరైనా చెప్పని వాచీ రిపేరు పెద్దాయనా, మీకు నమస్కారం. తాతగారి హెచ్‌ఎంటీ జనతా వెనక మూత తీసి, భూతద్దంలో లోపలి యంత్రం మీది 0231 నంబరు, 17 జ్యువెల్స్ (ఇరుసులు తిరిగే చిన్న కెంపురాళ్ళు) చూపించి అసలుదేనని తేల్చారు. డయలు మీద అక్షరాలు అలుక్కుపోయి ఉంటే మళ్ళీ రంగేసినట్టేనట. మన డయలు మచ్చపడ్డా అసలుదే, ముట్టుకోవద్దన్నారు. ఈ మాట అందరూ చెప్పరు!

వాచీ ఆగిపోవడానికి కారణం స్ప్రింగు కాదు, ఎండి జిగురైన నూనె. పైనుంచి చుక్క వేస్తే దుమ్ము పట్టి ఇరుసుల మొనలు అరుగుతాయి కాబట్టి, అన్నీ విప్పి కడిగి, అవసరమైన జ్యువెల్స్‌కే సూదిమొనంత నూనె పెట్టారు. ఆక్రిలిక్ అద్దం మార్చకుండా టూత్‌పేస్టుతో గీతలు పోగొట్టారు. ఇప్పుడు రోజూ పొద్దున ఒకే వేళకు కీ ఇస్తున్నాం, బిగువు తగలగానే ఆపేస్తున్నాం. నీళ్ళ దగ్గర చేతికి ఉంచుకోవడం లేదు.