ఎనిమిది వచనాలు, ఒక వారం

బాబూ,

ప్రభువు కృప నీకు తోడై ఉండాలి.

ఏడాదిలో బైబిలంతా పూర్తి చేసే పట్టిక పెట్టుకున్నానన్నావు. చాలా సంతోషం. 1189 అధ్యాయాలంటే రోజుకి మూడు నాలుగు చదవాల్సిందే. అయితే ఆ వేగంతో గ్రంథం తెలుస్తుంది గాని, బతుకు దానికి లోబడడానికి టైము చాలదు. పట్టిక మానొద్దు. దాని పక్కనే వారానికి ఒక చిన్న భాగం పెట్టుకో.

ముందు అపొస్తలుడు పౌలు ఎఫెసు సంఘానికి రాసిన పత్రికలో, ఎఫెసీ 4:25–32 తీసుకో. ఎనిమిదే వచనాలు. ఏడు రోజులూ అవే, పైకి వినబడేలా చదువు. మొదటి కీర్తనలో ‘దివారాత్రము దానిని ధ్యానించువాడు’ అన్నచోట ఉన్న హెబ్రీ మాటకి లోగొంతుతో పలుక్కోవడమని అర్థం. యెషయా 31:4లో వేట మీద సింహం గర్జించడానికీ అదే మాట వాడారు. నోటితో పలుకుతుంటే, కళ్లు దాటేసిన మాట దగ్గర నాలుక ఆగుతుంది.

మూడో రోజుకల్లా 28వ వచనం అల్లిక నీకే కనబడుతుంది. “దొంగిలువాడు ఇకమీదట దొంగిలక అక్కరగలవానికి పంచిపెట్టుటకు వీలుకలుగు నిమిత్తము తన చేతులతో మంచి పనిచేయుచు కష్టపడవలెను.” మానెయ్యమని చెప్పి పౌలు ఊరుకోలేదు చూడు. తీసుకున్న చేతికే పని అప్పగించాడు, ఆ సంపాదన ఎవరి కోసమో కూడా చెప్పాడు. మానెయ్యడం దగ్గరే ఆగిపోతాం కాబట్టే కొత్త సంవత్సరం తీర్మానాలు సంక్రాంతి దాకా నిలవవు. వదిలినదాని చోట ఏం చేస్తావో రాసుకోకపోతే పాతదే వచ్చి కూర్చుంటుంది.

నాలుగో రోజు నోటుబుక్కులో ఒక్క వాక్యం రాయి. అందులో ఎవరితో, ఎప్పుడు, ఏం చేస్తావు అనే మూడూ ఉండాలి. ‘అందరితో ప్రేమగా ఉంటాను’ అని రాస్తే, చేశావో లేదో రాత్రికి నీకే తెలియదు. ‘సూర్యుడస్తమించువరకు మీ కోపము నిలిచియుండకూడదు’ అన్నది నీ వచనమైతే, ‘ఇవాళ భోజనాలకి ముందే గదిలో అబ్బాయితో మాట్లాడతాను’ అని రాయి. వెళ్లినప్పుడు ‘నీకు బాధ కలిగి ఉంటే సారీ’ అనకు. ఆ ‘ఉంటే’తో తప్పు అవతలివాడి మనసు మీదకి పోతుంది. ‘నేనలా అనడం తప్పు’ అని చెప్పి ఆగు. అతను వెంటనే క్షమించకపోయినా నువ్వు చెయ్యాల్సింది చేసినట్టే.

డబ్బు దగ్గర ఇంకా జాగ్రత్త. ఆటోకి 150 అయితే ఆఫీసు బిల్లులో 250 రాయడాన్ని ఎవరూ దొంగతనమనరు, వాక్యం మాత్రం అంటుంది. దేవుణ్ణి క్షమించమని అడిగి ఆ వంద జేబులోనే ఉంచుకుంటే అది మారుమనస్సు కాదు. సంఖ్యాకాండము 5:7లో తప్పు ఒప్పుకున్నవాడు అసలుతోపాటు ఐదో వంతు కలిపి ఇవ్వాలి, అంటే వందకి నూటఇరవై. లూకా సువార్తలో పన్నులు వసూలు చేసే జక్కయ్య, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు ఇస్తానన్నాడు. మన మీద ఆ లెక్క లేదు గాని, తిరిగి ఇవ్వడం తప్పదు.

ఒక్కటి మరిచిపోకు నాన్నా. జక్కయ్య డబ్బు కట్టాడని యేసు ఆ ఇంటికి రాలేదు. ‘నేడు నేను నీ యింట నుండవలసియున్నది’ అని ఆయనే ముందు పిలిచాడు. ఎఫెసీ 4:32 కూడా అదే వరస: క్రీస్తులో దేవుడు మిమ్మల్ని క్షమించాడు గనుక మీరూ క్షమించండి. ఈ వరస తిరగబడిందా, వారం బాగా గడిస్తే గర్వం పట్టుకుంటుంది, తప్పిపోతే బైబిలు తెరవడానికే మొహం చెల్లదు. తప్పిన రోజు ఒప్పుకో, మర్నాడు అదే వచనంతో మళ్లీ మొదలుపెట్టు.

వాగ్దాన కార్డుల విషయం కూడా చెప్పాలి. డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో తీసుకున్న, ఒక వచనం రాసి ఉన్న కార్డు ఏడాదంతా గోడ మీద ఉంటుంది. ఆ వచనం చుట్టూ ఏముందో మాత్రం చాలామంది తెరిచి చూడరు. యిర్మీయా 29:11 చూడు, ‘సమాధానకరమైన ఉద్దేశములేగాని హానికరమైనవి కావు.’ బబులోనుకి చెరపట్టబడిపోయిన వాళ్లకి రాసిన ఉత్తరంలో మాట అది. పై వచనంలోనే డెబ్బై ఏళ్లని ఉంది. అంతకు ముందు, ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటండి, ఆ పట్టణం క్షేమం కోసం ప్రార్థన చెయ్యండి అనీ ఉంది. కార్డు మీది వచనం ఒక్కటే చదివితే ఉద్యోగం ఎప్పుడొస్తుందా అని ఎదురుచూస్తాం. ఉత్తరమంతా చదివితే ఇష్టంలేని ఊళ్లో కూడా పొరుగువాడికి మేలు చెయ్యడం మొదలుపెడతాం. ఏ వచనమైనా పట్టుకునే ముందు పైన పది, కింద పది చదువు.

ఈ వారానికి ఆ ఎఫెసీ భాగంలోని 29వ వచనం తీసుకో. అందులో ‘దుర్భాష’ అన్నచోట గ్రీకు మాట, మత్తయి సువార్తలో వలలోంచి ఏరి పారేసిన పనికిరాని చేపలకి వాడిన మాటే. బూతులొక్కటే అనుకోకు, అక్కడ లేని మనుషుల గురించి టీ దగ్గర చెప్పుకునేవీ అందులోకే వస్తాయి. అక్కడ నోరు మూసుకుంటే సగం పనే అయింది. ఆ మనిషి గురించి నిజమైన మంచి మాట ఒకటి చెప్పి రా.

ఆదివారం ఫోను చేసినప్పుడు ఎవరి గురించి చెప్పావో అడుగుతాను.

ప్రార్థనతో,
అమ్మ