ఊళ్లోవాళ్ల ఆధార్ కార్డులు నా ఫోన్‌లో ఎందుకు?

ఎడిటర్ గారికి,

నమస్కారం. నేను నరసరావుపేటలో పదిహేనేళ్లుగా జిరాక్స్, డీటీపీ షాపు నడుపుతున్నాను. ఓటీపీ చెప్పొద్దు, లింకులు నొక్కొద్దు, మోసపోతే వెంటనే 1930కి ఫోన్ చేయండి అని మీ పత్రికలో తరచూ రాస్తున్నారు. మంచిదే. కానీ మాలాంటి షాపుల్లో పొద్దున్నుంచి రాత్రిదాకా జరిగేదాని గురించి ఎవరూ రాయగా నేను చూడలేదు. నేనే రాద్దామని కూర్చున్నాను.

మా షాపు అద్దం మీద పెద్ద అక్షరాలతో ఒక నంబరు ఉండేది. 'ప్రింట్ల కోసం ఈ నంబరుకు వాట్సాప్ చేయండి' అని. మీరు ఏ ఊళ్లో జిరాక్స్ షాపుకి వెళ్లినా ఇలాంటి స్టిక్కర్ కనిపిస్తుంది. వచ్చినవాళ్లు ఆధార్, పాన్, టెన్త్ మెమో, పొలం పాస్‌బుక్కు, ఆస్పత్రి రిపోర్టు, చేతిలో ఏముంటే అది పంపేస్తారు. నేను కంప్యూటర్‌లో తెరిచి, ప్రింటు తీసి, డబ్బులు తీసుకుంటాను. కాగితం వాళ్లతో వెళ్లిపోతుంది, ఫైలు మాత్రం నా దగ్గరే ఉండిపోతుంది.

ఇందులో తప్పుందని నాకు ఎన్నడూ తోచలేదు. పోయినేడు ఎంసెట్ కౌన్సెలింగ్ రోజుల్లో (పేరు ఈఏపీసెట్ అని మారింది, మా కౌంటర్ దగ్గర ఇప్పటికీ ఎంసెట్టే) మా అబ్బాయి హైదరాబాద్ నుంచి ఫోన్ చేశాడు. "అమ్మా, నా ల్యాప్‌టాప్‌లో ఎవరెవరివో ఆధార్ కార్డులు కనపడుతున్నాయేంటి?" అన్నాడు. నాకు కాళ్లలో వణుకు వచ్చింది. సంగతేమిటంటే షాపు ఫోన్ ఒకప్పుడు వాడిది. ఇప్పటికీ వాడి ఈమెయిల్ మీదే నడుస్తోంది. వాట్సాప్‌లో వచ్చిన ప్రతి ఫొటో గ్యాలరీలోకి చేరడం, అక్కణ్నుంచి బ్యాకప్ అంటూ వాడి ఖాతాలోకి పోవడం. ఆ రాత్రి షట్టర్ దించి, ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టడం మొదలుపెట్టాను. రెండు వేలు దాటాక మానేశాను. ఆడపిల్లల పాస్‌పోర్టు సైజు ఫొటోలు, స్కానింగ్ రిపోర్టులు, బ్యాంకు పుస్తకం మొదటి పేజీలు. ఒకావిడ విడాకుల పిటిషన్ కూడా ఉంది. ఆవిడది మా వీధే.

ఈ-ఆధార్ పీడీఎఫ్‌కి తాళం ఉంటుంది కదా అంటారేమో. పేరులో మొదటి నాలుగు ఇంగ్లిష్ అక్షరాలు, పుట్టిన సంవత్సరం, అదే పాస్‌వర్డ్. జనం దాన్ని కౌంటర్ దగ్గర నలుగురు వింటుండగా పైకే చెప్పేస్తారు. అసలు చెప్పక్కర్లేదు కూడా, ఇన్నేళ్లలో సగం ఊరి పుట్టిన సంవత్సరాలు నాకు కంఠతా వచ్చేశాయి! నెట్ సెంటర్ కంప్యూటర్లలో ఈ-ఆధార్ దించుకోవద్దు, దించుకుంటే కాపీలన్నీ శాశ్వతంగా తీసేయండి అని ఆధార్ ఇచ్చే సంస్థ ఉడాయ్ ఎప్పటినుంచో చెబుతోంది. వాట్సాప్‌లో పంపిన కాపీ సంగతి ఎవరు పట్టించుకుంటారు?

ఇదివరకు ఇలా ఉండేది కాదు. నెట్ లేకుండానే ఫైళ్లు పంపే షేరిట్, జెండర్ యాప్‌లు ఉన్నప్పుడు కుర్రాళ్లు వాటిలోనే పంపేవాళ్లు. 2020 జూన్ 29న కేంద్రం నిషేధించిన 59 యాప్‌లలో ఆ రెండూ పోయాయి. ఆ తర్వాత జనమంతా వాట్సాప్ మీద పడ్డారు. పైగా ఫొటోగా పంపితే సైజు తగ్గిపోయి, సర్టిఫికెట్ మీద తహసీల్దారు గారి ముద్ర మసకబారి వస్తుంది. డాక్యుమెంట్‌గా పంపమ్మా అని రోజుకి ఎన్నిసార్లు చెబుతానో.

మా అబ్బాయి ఫోన్ చేసిన మర్నాటి నుంచే, మధ్యలో ఎవరి నంబరూ, ఎవరి ఖాతా లేకుండా వాళ్ల ఫోన్ నుంచి నా కంప్యూటర్‌కి నేరుగా ఫైలు వచ్చే దారి కోసం వెతికాను. కంప్యూటర్ సెట్టింగుల్లో 'నియర్‌బై షేరింగ్' అని కనిపించింది. అది ఆన్ చేసి, ఫోన్ పట్టుకుని ఒక పూటంతా ఎదురుచూశాను. ఏమీ రాలేదు. తర్వాత తెలిసింది, అది ఒక విండోస్ కంప్యూటర్ నుంచి ఇంకో విండోస్ కంప్యూటర్‌కి పంపుకోవడానికట. ఆండ్రాయిడ్ ఫోన్లలో 2020లో వచ్చిన దాని పేరు 'నియర్‌బై షేర్'. 2023లో అది విండోస్‌కి కూడా వచ్చింది, 2024లో పేరు 'క్విక్ షేర్'గా మారింది. చివర రెండు అక్షరాలు తేడా ఉన్న ఈ పేర్లతో నాలాంటిది తికమకపడక ఏం చేస్తుంది?

క్విక్ షేర్ పెట్టుకోవాలంటే కంప్యూటర్‌లో 64 బిట్ విండోస్ 10 గానీ, ఆ పైది గానీ ఉండాలి. విండోస్ 7 మీద నడిచే నా రెండో కంప్యూటర్ అక్కడే ఆగిపోయింది. కౌంటర్ దగ్గరి దానికి బ్లూటూత్, వైఫై రెండూ లేవు, నెట్ వైరు మాత్రమే ఉంది. రెండూ ఉన్న చిన్న డాంగిల్ కొని వెనక గుచ్చాను. బ్లూటూత్ పక్కన ఎవరున్నారో పలకరిస్తుంది, మూట మోసేది వైఫై. వట్టి బ్లూటూత్‌తో పంపితే పెద్ద స్కాన్ ఫైలుకి టీ తాగి రావాల్సిందే, ఇందులో అయితే కప్పు అందుకునేలోపే వచ్చేస్తుంది.

పని ఇలా జరుగుతుంది. పిల్లవాడు తన ఫోన్‌లో ఫైలు మీద 'షేర్' నొక్కి, క్విక్ షేర్ ఎంచుకుంటాడు. 'జిరాక్స్ కౌంటర్' అని నా కంప్యూటర్ పేరు కనిపిస్తుంది. నొక్కగానే నా తెర మీద ఒక పెట్టె వస్తుంది. వాడి ఫోన్‌లో నాలుగంకెల పిన్ ఉంటుంది, నా దగ్గరా అదే అంకె. "నీది ఎంత నాన్నా?" అని అడిగి, సరిపోతేనే తీసుకుంటాను. ఒకసారి పక్క టీకొట్టు దగ్గర కూర్చున్న కుర్రాళ్లు కోతి బొమ్మ పంపారు. 'అందరికీ కనిపించు' అని వదిలేసినందుకు అది ఫలితం. ఇప్పుడు మనిషి కౌంటర్ ముందు ఉన్నప్పుడే ఆన్ చేస్తాను. ఐఫోన్లలో కూడా ఇలా ఫైళ్లు పంపుకునే ఎయిర్‌డ్రాప్‌ని 'అందరికీ' అని పెడితే పది నిమిషాల్లో దానంతటదే ఆగిపోయేలా 2022 చివర్లో మార్చారు. కోతి బొమ్మల బాధ వాళ్లకీ ఉండి ఉంటుంది.

ఐఫోన్ వాళ్లు వస్తే లోకల్‌సెండ్ అనే ఉచిత యాప్ వాడుతున్నాను. అన్ని రకాల ఫోన్లకీ, కంప్యూటర్లకీ వస్తుంది. అది మనం పేరు మార్చేదాకా కంప్యూటర్‌కి తనే ఏదో ఒక పండు పేరో, కూరగాయ పేరో పెడుతుంది, చూసినప్పుడల్లా నవ్వొస్తుంది. రెండు పరికరాలూ ఒకే వైఫైలో ఉండాలి, అంతే. నేను మాత్రం ఆ 'అంతే' దగ్గరే ఒక మధ్యాహ్నం పోగొట్టుకున్నాను. కస్టమర్లకి ఇచ్చింది గెస్ట్ వైఫై. అందులో చేరిన ఫోన్లు లోపలి కంప్యూటర్‌ని చూడకుండా చాలా రూటర్లు అడ్డుగోడ కట్టేస్తాయని నాకేం తెలుసు? అలాగని షాపు అసలు పాస్‌వర్డ్ అందరికీ ఇవ్వలేను. చివరికి ఇంట్లో మూలన పడేసిన పాత ఫోన్‌లో హాట్‌స్పాట్ పెట్టి, కంప్యూటర్‌నీ వాళ్ల ఫోన్‌నీ దానికి కలుపుతున్నాను. అందులో డేటా బ్యాలెన్స్ కూడా లేదు, అవసరమూ లేదు. మొన్న కాలువ తవ్వేవాళ్లు కేబుల్ తెంపి రెండు రోజులు నెట్ లేకపోతే, మా బజారులో మిగతా షాపులవాళ్లు చేతులెత్తేశారు. నేను ప్రింట్లు తీస్తూనే ఉన్నాను.

ఫైలు మధ్యలో ఎక్కడా ఆగదు గానీ నా డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌లో పడుతుంది. అందుకని ప్రింటు రాగానే తెరని కస్టమర్ వైపు తిప్పి, షిఫ్ట్ పట్టుకుని డిలీట్ నొక్కుతాను. వట్టి డిలీట్ అయితే రీసైకిల్ బిన్‌లో ఉంటుంది. మొదట్లో వాళ్లకి అర్థం కాలేదు. ఒక పెద్దాయన అయితే "ఏందమ్మా, నా కాగితం చెరిపేస్తన్నావు?" అని కంగారుపడ్డాడు. అసలు మీ ఫోన్‌లోనే ఉంది బాబాయ్ అని చూపించాక గానీ కుదుటపడలేదు. ఈ ఏడాది ఒక అమ్మాయి మాత్రం, నేను నొక్కేదాకా అక్కడే నిలబడి, "థ్యాంక్స్ ఆంటీ" అని వెళ్లింది. అక్కా అంటే ఇంకా సంతోషించేదాన్ని.

వాట్సాప్ నంబరు పూర్తిగా తీసేశానని చెప్పను. ఊరి నుంచి కొడుకు పంపితే తల్లి ప్రింటు తీసుకెళ్లే సందర్భాలు ఉంటాయి. ఆ ఫోన్‌లో బ్యాకప్ ఆపేశాను, ఫొటోలు గ్యాలరీలోకి చేరకుండా ఆపేశాను, 24 గంటల్లో మెసేజ్‌లు మాయమయ్యేలా పెట్టాను. అద్దం మీద నంబరు మాత్రం గీకేశాను.

ఇదంతా నేర్చుకోవడానికి నాకు నెల పైనే పట్టింది, మా అబ్బాయి ఫోన్‌లో విసుక్కోకుండా చెప్పబట్టి. సచివాలయాల్లో, మీసేవ కేంద్రాల్లో, కౌన్సెలింగ్ హెల్ప్‌లైన్ సెంటర్ల చుట్టూ ఉన్న షాపుల్లో ఎవరు చెబుతారు? ఉద్యోగాల నోటిఫికేషన్లకీ, కౌన్సెలింగ్ షెడ్యూళ్లకీ పేజీలు ఇస్తున్నారు కదా, ఈసారి కౌన్సెలింగ్ మొదలయ్యే ముందు ఫోన్ నుంచి కంప్యూటర్‌కి ఫైలు ఎలా పంపాలో అర పేజీలో, తెలుగులో, తెర బొమ్మలతో వేయండి. షాపువాళ్లు ఫైలు చెరిపేదాకా కౌంటర్ దగ్గర్నుంచి కదలొద్దని అందులో పెద్ద అక్షరాలతో రాయండి, మావాళ్లకి కోపం వచ్చినా సరే. మీరు వేస్తే ఆ ముక్క కత్తిరించి, లామినేషన్ చేసి, నంబరు గీకేసిన చోట అంటిస్తాను. లామినేషన్ మిషన్ మా షాపులోనే ఉంది.

ఇట్లు,
ఒక జిరాక్స్ షాపు యజమానురాలు,
నరసరావుపేట, పల్నాడు జిల్లా.
(పేరు వేయకండి. మా వీధివాళ్లు చదువుతారు.)